కాటి సీనులో ఆ పద్యాలు పుస్తకంలో ఎందుకు లేవు?

పెదనందిపాడు శీను

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

పోయిన నెల మా ఊరి తిరనాళ్లలో సత్య హరిశ్చంద్ర నాటకం వేశారు. నాన్నగారికి డెబ్భై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులున్నా కాటి సీను అయ్యేదాకా లేచేది లేదన్నారు. రాత్రి రెండున్నర దాటాక ఆ సీను వచ్చింది. హరిశ్చంద్రుడు గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని వచ్చి "ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము" అని ఎత్తుకోగానే పక్కన నాన్నగారి పెదవులు కూడా కదులుతున్నాయి. ఆయన చదివింది ఐదో తరగతి. ఆ సీస పద్యం మొత్తం నోటికి వచ్చు.

ఆ పద్యాలు నేనూ నేర్చుకుందామని బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారి నాటకం పుస్తకం తెప్పించాను. కాటి రంగం రెండుసార్లు చదివాను. అందులో ఆ పద్యాలు లేవు. నాన్నగారికి చెబితే నమ్మలేదు, "నువ్వు సరిగ్గా చూసుండవు" అన్నారు.

అవి ఎవరివి? రచయిత రాయనివి నాటకంలో కలిపే హక్కు నటుడికి ఉంటుందా? దర్శకుడంటూ ఒకరుంటే ఇలా జరుగుతుందా? తప్పు పట్టడానికి అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

పద్యాల మాస్టారు

శీను గారూ, అవి గుర్రం జాషువా గారివి. 'శ్మశానవాటి' అనే ఖండికలోని పద్యాలు. హరిశ్చంద్రుడి కోసం రాసినవి కావు. శ్మశానాన్ని చూసి ఒక కవి తనలో తాను అనుకున్న మాటలు అవి. రంగస్థల నటులు వాటిని తెచ్చి కాటి సీనులో పెట్టారు. డి.వి. సుబ్బారావు గారి లాంటి హరిశ్చంద్రుల గొంతులో అవి ఊరూరా పాకిపోయాయి. ఇప్పుడు అవి లేకుండా కాటి సీను వేస్తే జనం ఒప్పుకోరు.

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. మొదట్లో మీలాగే నాకూ ఇది దొంగసొమ్ములా అనిపించేది. తర్వాత ఒకసారి ఆ పద్యాల్ని హరిశ్చంద్రుడి నోట పెట్టి నిదానంగా చదువుకున్నాను. అప్పటినుంచి నా అభిప్రాయం మారింది.

ఆ సీసంలోనే భూములేలిన రాజు అధికార ముద్రికలు ఇక్కడే అంతరించాయి అని వస్తుంది. జాషువా కవితలో అది ఏ రాజైనా కావచ్చు. హరిశ్చంద్రుడు పాడితే ఆ రాజు తనే. తర్వాత లేత ఇల్లాలి నల్లపూసల సౌరు గంగలో కలిసిపోయింది అంటాడు. నాటకం జరుగుతున్నది కాశీలో. ఇంకాసేపట్లో చంద్రమతి రాబోతోంది, ఆమె మెడలోని మంగళసూత్రాన్ని బట్టే ఆమె ఎవరో అతనికి తెలియబోతోంది. ఇక "ఎన్నో యేండ్లు గతించిపోయినవి" పద్యం తీసుకోండి. కన్నుమూసిన వాడు ఒక్కడైనా లేచి రాడు, ఏ తల్లులు అల్లాడారో అంటాడు. లోహితుడు పాము కరిచి చనిపోయాడని ప్రేక్షకులకి అప్పటికే తెలుసు. పాడుతున్న తండ్రికి తెలియదు.

ఇంతగా అతికిన పద్యాల్ని అక్కడ పెట్టింది గొప్ప చదువరి అయిన నటుడే అయి ఉండాలి.

రంగస్థలం విద్యార్థి

మాస్టారూ, మీరు చెప్పింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇంకొకటి కూడా ఉంది. అదే ఖండికలో "ఇట నస్పృశ్యత సంచరించుటకు దావే లేదు" అని ఒక పద్యం ఉంది. అంటరానితనం అనుభవించిన కవి రాసిన మాట అది. దాన్ని కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయిన క్షత్రియుడు పాడుతున్నాడు, ఊరి మధ్యలో, అన్ని కులాల వాళ్లూ కూర్చుని వింటుండగా. బలిజేపల్లి వారి నాటకం సత్యవ్రతం గురించి. ఈ పద్యంతో అది కులం గురించి కూడా మాట్లాడింది. ఒక దర్శకుడు కావాలని ఇలాంటి పని చేస్తే పత్రికల్లో వ్యాసాలు వచ్చేవి. మన దగ్గర పేరు కూడా చెప్పుకోకుండా నటులే చేశారు.

దర్శకుడు ఉంటే ఇలా జరిగేదా అని శీను గారు అడిగారు. జరిగేది, దారి వేరుగా ఉండేది. రష్యన్ రచయిత చెహోవ్ తన 'చెర్రీ ఆర్చర్డ్' నాటకాన్ని కామెడీ అన్నాడు. దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ 1904లో మాస్కోలో దాన్ని కన్నీళ్ల నాటకంగా వేశాడు. చెహోవ్ బాధపడ్డాడు. ఒక్క మాటా చేర్చకుండానే నాటకం నడకని మార్చేయొచ్చు. అందుకే పుస్తకంలో ఉందా లేదా అనే లెక్కతో ఈ ప్రశ్న తేలదు అనుకుంటాను.

హార్మోనియం పెట్టె

నేను ఇరవై రెండేళ్లుగా పద్య నాటకాలకి హార్మోనియం వాయిస్తున్నాను. లోపలి సంగతి కొంచెం చెబుతాను.

మా నాటకానికి దర్శకుడు ఉండడు. కాంట్రాక్టరు ఉంటాడు. ఆయన ఒక్కో ఆర్టిస్టునీ ఒక్కో ఊరి నుంచి మాట్లాడుకుంటాడు. హరిశ్చంద్రుడు ఒక బస్సులో, చంద్రమతి ఇంకో బస్సులో దిగుతారు. మేకప్ వేసుకునేటప్పుడే ఒకరినొకరు చూసుకుంటారు. రిహార్సల్ ఉండదు. ఎవరు ఏ పద్యం ఎంతసేపు పాడతారో, ఏ శ్రుతిలో పాడతారో నాకు చెబుతారు. ఎక్కడ ఆపాలో, ఎవరిని ఎప్పుడు అందుకోమనాలో నా పెట్టే చెబుతుంది.

కురుక్షేత్రం అయితే కృష్ణుడు ఒక్కడు కాడు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధం సీనుకి ఇంకొకరు. ముగ్గురూ మూడు రకాల కృష్ణులు. తిరుపతి వేంకట కవులు "బావా! ఎప్పుడు వచ్చితీవు" అని రాసింది ఒక్కటే. కానీ ఆ 'బావా' అనే మాట పదిమంది నోట పదిరకాలుగా విన్నాను. దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడని కృష్ణుడికి తెలుసు. తెలిసీ అప్పుడే చూసినట్టు ఆశ్చర్యపోతారు కొందరు. కొందరు నవ్వుతారు. నేను మర్చిపోలేనిది ఒక ముసలాయన పాడిన తీరు. ఆయన నవ్వలేదు. నిజంగా బావగారి క్షేమం అడిగినట్టే అడిగాడు. భ్రాతలు, సుతులు, చుట్టాలు సుఖమా అని ఒక్కొక్కరినీ తలుచుకున్నట్టు ఆగి ఆగి పాడాడు. వాళ్లంతా యుద్ధంలో పోబోతున్నారని గుర్తొచ్చి నాకు బెల్లోస్ మీద చెయ్యి ఆగింది. రాగం ఎక్కువ తియ్యలేదాయన. వన్స్ మోర్ కూడా పడలేదు. అయినా ఆ రోజు విన్నదే పద్యం.

అందుకని కాంట్రాక్టు నాటకం అంటే రచయితని ఖూనీ చెయ్యడమే అని తీసిపారేయకండి. రిహార్సల్ లేకపోయినా ఒక్కో నటుడు ఆ ఒక్క సీనుని ముప్పై నలభై ఏళ్లు ఆలోచిస్తాడు.

చంద్రమతి వేషం

హార్మోనియం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పద్నాలుగేళ్లు చంద్రమతి వేశాను.

హరిశ్చంద్రుడు జాషువా గారి పద్యాలు పాడుతున్నంతసేపూ నేను వింగులో ఉంటాను, భుజం మీద లోహితుడి వేషం వేసిన పిల్లవాడు. ఒక్కోసారి నలభై నిమిషాలు. ఒక పద్యానికి రెండుసార్లు వన్స్ మోర్ పడితే ఇంకా ఎక్కువ. నేను స్టేజీ మీదకి వచ్చేసరికి జనం అప్పటికే ఏడ్చేసి ఉంటారు. పుస్తకంలో ఉన్నట్టయితే ఆ ఏడుపు నాతో మొదలవ్వాలి. కొత్తలో అది అర్థం కాక, నేనూ గొంతు పెంచి గుండెలు బాదుకునేదాన్ని. ఎంత ఏడ్చినా జనంలో కదలిక ఉండేది కాదు. అప్పుడు ఒక పెద్దావిడ, ఆమె కూడా ఒకప్పుడు చంద్రమతే, నాకు చెప్పింది: "అమ్మాయ్, వాళ్లకి ఏడుపు అక్కర్లేదు. నువ్వు బిడ్డని కింద పెట్టే తీరు చూడాలని కూర్చున్నారు."

ఆ తర్వాత ఏడవడం తగ్గించాను. నిద్రపోతున్న పిల్లవాడిని పడుకోబెట్టినట్టు తల కింద చెయ్యి పెట్టి మెల్లగా దించేదాన్ని. పైట కొంగుతో వాడి పాదాలు కప్పేదాన్ని. పుస్తకంలో ఇది లేదు. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక్కసారిగా వచ్చే ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఒక సీనులో ఒక నటుడు పద్యాలు చేరిస్తే అవతలి పాత్ర మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నేనైతే జాషువా గారి పద్యాలు ఉండాలనే అంటాను. కానీ వన్స్ మోర్ కోసం అదే పద్యాన్ని మూడోసారి పాడటం ఉంది చూడండి, అది నాటకాన్ని చంపుతుంది.

పద్యాల మాస్టారు

అమ్మా, మీరన్నది బళ్లారి రాఘవ గారు చూసిన దారే. పద్యాన్ని కచేరీగా మార్చడం ఆయనకి నచ్చేది కాదు. మాటలో భావం పలకాలి, పాత్ర మనసు కనబడాలి అని పట్టుబట్టిన నటుడు. ఆడ పాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని గట్టిగా నిలబడ్డదీ ఆయనే.

అయితే ఆడవేషానికి పేరు మోసిన స్థానం నరసింహారావు గారు కూడా రచయితకి తోడయిన వారే. శ్రీకృష్ణ తులాభారం ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం. అందులో సత్యభామ పాడే "మీరజాలగలడా" పాట రాసింది మాత్రం వేషం కట్టిన స్థానం వారే. ఆ పాట తీసేసి సత్యభామని ఊహించగలరా?

నాటిక రాస్తాను

ఇదంతా చదువుతుంటే రచయితల వైపు నుంచి ఒకరైనా మాట్లాడాలనిపించింది.

నేను పరిషత్తు పోటీలకి నాటికలు రాస్తాను. మూడేళ్ల కిందట ఒక నాటక సమాజం నా నాటిక తీసుకుంది. పేరు చెప్పను. కథ ఏమిటంటే, కొడుకు పొలం అమ్మి అప్పు తీర్చేస్తాడు, తండ్రి ఏమీ అనడు. చివర్లో తండ్రి చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంటాడు, అంతే. నేను వెళ్లి చూసేసరికి తండ్రి చేత రెండు పేజీల ఉపన్యాసం చెప్పించారు. రైతే రాజు, మట్టే తల్లి. చప్పట్లు బాగా పడ్డాయి, బహుమతి కూడా వచ్చింది. స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకుని నిలబడటం నాకు చాలా కష్టమైంది.

దర్శకుడిని అడిగితే "జడ్జిలకి తెలియాలి కదండీ" అన్నాడు. తండ్రి మౌనమే నేను రాసిన డైలాగు. దాన్నే కొట్టేశారు. బలిజేపల్లి వారి నాటకంలో చేరిన వాళ్లు జాషువా కాబట్టి మనందరికీ బాగుంది. చేర్చే వాడు జాషువా కాకపోతే?

పెదనందిపాడు శీను

నాటిక గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఆలోచించాను. నేను మొదట అడగాలనుకున్నది ఇదే, సరిగ్గా అడగలేకపోయాను.

పాత వేషగాడు

చేర్చేవాడు జాషువా కాకపోతే ఏమవుతుందో నేను చెబుతాను. నేను పదిహేడేళ్లు చింతామణిలో సుబ్బిశెట్టి వేశాను.

కాళ్లకూరి నారాయణరావు గారు ఆ నాటకం రాసింది వేశ్యావ్యసనం సంసారాలని ఎలా కూలుస్తుందో చూపించడానికి. 'వరవిక్రయం' రాసి కట్నాల మీద యుద్ధం చేసిన మనిషి ఆయన. స్థానం వారి చింతామణిని, బందా కనకలింగేశ్వరరావు గారి బిల్వమంగళుడిని పెద్దపెద్ద పండితులు కూర్చుని చూశారు. నేను స్టేజీ ఎక్కేనాటికి చింతామణి అంటే సుబ్బిశెట్టి సీను ఒక్కటే. భార్యాబిడ్డలతో ఉన్నవాళ్లు ఆ సీను రాకముందే లేచి వెళ్లిపోయేవాళ్లు.

నా డైలాగులు పుస్తకం నుంచి నేర్చుకోలేదు. నాకంటే ముందు వేసినాయన దగ్గర విని నేర్చుకున్నాను. ఆయన ఇంకొకాయన దగ్గర. ఒక్కొక్కరూ ఒక్కో మాట తగిలించుకుంటూ వచ్చారు, నేనూ తగిలించాను. బూతు, కులాన్ని ఎత్తిపొడిచే మాట, దేనికి ఈలలు పడితే అది నిలిచిపోయేది. "ఇంకాస్త పండించాలి" అని కాంట్రాక్టరు అడిగితే పండించాను. వేషం మొదలుపెట్టిన తొమ్మిదేళ్లకి పుస్తకం చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాళ్లకూరి వారి సుబ్బిశెట్టి మోహంలో పడి ఆస్తి పోగొట్టుకునే మనిషి. నవ్వు వస్తుంది, వెనకే జాలి కూడా వస్తుంది. నేను ఆ జాలి మొత్తం తీసేసి ఒక కులాన్ని నవ్వులపాలు చేశాను.

తర్వాత పుస్తకంలో ఉన్నట్టు వేద్దామని ప్రయత్నించాను. రెండు ఊళ్లలో కుదిరింది. మూడో ఊళ్లో కుర్రాళ్లు గోల చేశారు, కాంట్రాక్టరు డబ్బులు తగ్గించాడు. మళ్లీ పాత దారికే వెళ్లాను. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించినప్పుడు నా తోటివాళ్లు చాలామంది పొట్ట కొట్టారని బాధపడ్డారు. నాకు ఆ బాధ కంటే ఇంకో బాధ ఎక్కువ. ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారంటే ఎక్కువగా నాలాంటి వాళ్లం పెంచిన మాటలకే. శిక్ష పడింది వందేళ్ల కిందటి పుస్తకానికి.

నిషేధం సరైనదని నేను అనను. కానీ నాటిక గారి శాలువా సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

చంద్రమతి వేషం

అన్నయ్యా, ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. చింతామణి, చిత్ర వేషాలు వేసిన ఆడవాళ్లం ఆ మాటలు ఎదురుగా నిలబడి విన్నాం. పుస్తకంలో చింతామణికి చాలా గౌరవం ఉంది. సుబ్బిశెట్టి సీను పెరిగినకొద్దీ ఆమె మారే ఘట్టం కుదించుకుపోయింది. ఆఖరుకి తెల్లవారిపోతోందని ఆమె వైరాగ్యం పది నిమిషాల్లో ముగించేవాళ్లం.

రంగస్థలం విద్యార్థి

వేషగాడు గారికి నమస్కారం. మీరు చెప్పింది మా క్లాసులో ఏ పుస్తకమూ చెప్పలేదు.

తీసేయడం గురించి కూడా మాట్లాడాలి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ 1909లో చాలా పెంచి, దాదాపు కొత్త నాటకంలాగా తిరగరాశారు. మధురవాణి మనకి తెలిసిన మధురవాణి అయ్యింది ఆ రెండో కూర్పులోనే. అంత నాటకాన్ని ఒక్క రాత్రిలో వెయ్యడం కష్టం కాబట్టి అందరూ కోస్తారు. జె.వి. రమణమూర్తి గారు గిరీశంగా, జె.వి. సోమయాజులు గారు రామప్ప పంతులుగా వేసిన ప్రదర్శన కూడా కుదించిందే. ఏది ఉంచుతావు, ఏది తీస్తావు అన్నదే దర్శకుడి వ్యాఖ్యానం.

మేం యూనివర్సిటీలో వేసినప్పుడు చివరి రంగం మీద పదిరోజులు కొట్టుకున్నాం. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. తనకి తెలిసిన రహస్యం చెప్పడానికి ముద్దు అడుగుతుంది. ఆయన సిద్ధపడేసరికి ఆమే వద్దంటుంది. చెడని వారిని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందట. మా దర్శకుడు మొదట దీన్ని సరసంగా నడిపించాడు, జనం నవ్వారు. మధురవాణి వేసిన అమ్మాయి ఒప్పుకోలేదు. "ఆమె ఆయన్ని పరీక్షిస్తోంది సార్, గెలిచాక తనే ఓడిపోవాలని నిర్ణయించుకుంది" అంది. ఆఖరి ప్రదర్శనలో ఆ మాట అనేముందు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అంతే, ఒక్క అడుగు. హాల్లో ఎవరూ నవ్వలేదు. గురజాడ రాసిన దాంట్లో అక్షరం మారలేదు.

గిరీశం మొదటి మాట కూడా అంతే. "సాయంకాలమైంది" అని మొదలుపెట్టి, పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలు ఏం చేశాడో చెబుతాడు. ఎవరికి చెబుతున్నాడు? తనకి తానా? ప్రేక్షకులకా? ప్రేక్షకుడి కళ్లలోకి చూసి చెబితే మనం అతనితో కుమ్మక్కయిపోతాం. చివర్లో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నప్పుడు మనకీ దెబ్బ తగలాలంటే మొదట్లో అలా కలుపుకోవాలని నేను నమ్ముతాను.

బే ఏరియా తెలుగు

ఇక్కడ మేం కన్యాశుల్కం రెండున్నర గంటలకి కుదించి వేశాం, హాలు అంతసేపే దొరికింది. సారాకొట్టు రంగం తీసేశాం. చూసిన ఒక పెద్దాయన వచ్చి "ఊరు ఏదమ్మా?" అని అడిగారు. పెద్దమనుషులు మాత్రమే మిగిలారు, ఊరు పోయింది. వచ్చేసారి అది ఉంచి, ఇంకేదైనా తీస్తాం.

నాటిక రాస్తాను

విద్యార్థి గారు చెప్పిన ఆ అమ్మాయి లాంటి నటి దొరికితే నా నాటిక ఉచితంగా ఇస్తాను. చంద్రమతి గారు పాదాలు కప్పడం, ఈ అమ్మాయి వెనక్కి అడుగు వెయ్యడం, ఇవి నేను రాయలేదని ఎప్పుడూ బాధపడను. అవి రచయిత చెప్పకుండా వదిలిన చోట్లు. నా తండ్రి గట్టు మీద కూర్చున్న చోటు కూడా అలాంటిదే. దాన్ని నటుడు తన ఒంటితో నింపాలి. మాటలతో పూడ్చేశారు, నా గొడవ అదొక్కటే.

పద్యాల మాస్టారు

నాకు ఇంకొక్క కోరిక ఉంది. చేర్చిన పద్యం ఎవరిదో చెప్పాలి. శీను గారి నాన్నగారికి సీసం మొత్తం వచ్చు, అది జాషువాదని తెలియదు. కవికి జరిగిన అన్యాయం అది, ముఖ్యంగా ఆ కవికి.

పెదనందిపాడు శీను

మాస్టారూ, నిన్న నాన్నగారికి ఖండిక మొత్తం చదివి వినిపించాను. స్టేజీ మీద ఎప్పుడూ వినని పద్యాలు కూడా ఉన్నాయి కదా, మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. "మన జాషువానా రాసింది!" అన్నారు. జాషువా గారిది వినుకొండ అని ఆయనకి తెలుసు, పద్యాలు ఆయనవని తెలియదు.

శివరాత్రికి మా ఊళ్లో మళ్లీ హరిశ్చంద్రే. కమిటీలో మా బాబాయి ఉన్నారు. కాటి సీనులో మైకులో జాషువా గారి పేరు చెప్పించాలని అడిగాను, సరేనన్నారు. హార్మోనియం గారూ, ఎక్కడ చెబితే బాగుంటుంది? పద్యాలు అయ్యాకా?

హార్మోనియం పెట్టె

అయ్యాక వద్దు బాబూ, చప్పట్లలో ఎవరికీ వినబడదు. పైగా వెంటనే చంద్రమతి రావాలి, మధ్యలో మైకు మోగితే ఆ తల్లి సీను దెబ్బతింటుంది. తెర లేవకముందు చెప్పించండి. పేరు చెప్పి ఆపేయమనండి, ఉపన్యాసం వద్దు. నేను ఒక్క నిమిషం శ్రుతి పట్టి ఉంచుతాను, ఆ శ్రుతిలోనే హరిశ్చంద్రుడు వస్తాడు. శివరాత్రికి మీ ఊరికి ఎవరిని మాట్లాడారో కనుక్కోండి. నేనే అయితే సరే, వేరేవాళ్లయితే నేను ఫోన్ చేసి చెబుతాను.